పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచుకొండ మీది చెత్తను కిందికి దించేదెలా?

ప్రశ్న: నేను హనుమకొండలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ప్రస్తుతం ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీయింగ్‌కు వచ్చే అతిథుల కోసం నడిచే ఒక హోటల్‌లో పనిచేస్తున్నాను. తడి చెత్తకు, పొడి చెత్తకు వేరువేరు రంగుల డబ్బాలు పెట్టాం గానీ సాయంత్రానికి అంతా ఒకే సంచిలోకి పోతోంది. మంచు ఎక్కువగా పడినప్పుడు బండి పైకి రాదు కాబట్టి హోటల్ వెనుక సంచులు గుట్టపడతాయి. మంచు కరిగాక చూస్తే వాలు పొడవునా సీసాలు, సిగరెట్ పీకలు బయటపడతాయి. వచ్చే సీజన్ నాటికి చెత్త నిర్వహణకు, రీసైక్లింగ్‌కు ఒక ప్రణాళిక రాసివ్వమని యాజమాన్యం నన్ను అడిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు. — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: స్టోర్ రూమ్ దగ్గర మొదలుపెట్టండి. రంగుల డబ్బాలు అవసరమే గాని, వస్తువు డబ్బాలో పడే సమయానికి దాని గతి చాలావరకు తేలిపోయి ఉంటుంది. కింద ఉన్న జోషీమఠ్ పట్టణం నుంచి ఘాట్ రోడ్డు మీద మీ హోటల్‌కు వచ్చే ప్రతి బండిలో ఏ సరుకు ఎటువంటి ప్యాకింగ్‌లో వస్తోంది, వాడాక దానిలో ఏం మిగులుతోంది, ఆ మిగిలినది ఏ బండిలో కిందికి దిగుతోంది అన్న మూడు సంగతులు కాగితం మీదికి ఎక్కితే మీ ప్రణాళికలో ప్రధానమైన భాగం పూర్తయినట్లే.

దీనికి ముందు ఒక పని చేయాలి. అతిథులు కిక్కిరిసిన ఒక రోజు, మామూలుగా ఉన్న మరో రోజు ఎంచుకొని, ఆ రోజుల చెత్తనంతా టార్పాలిన్ మీద పరచి రకరకాలుగా వేరుచేసి కాటా వేయండి. వంటింటి వ్యర్థం, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, గాజు, పల్చటి ప్లాస్టిక్ కవర్లు, శానిటరీ వ్యర్థాలు, పొయ్యిల బూడిద, స్కీ వర్క్‌షాప్ చెత్త వేరువేరు కుప్పలు కావాలి. ప్రతి కుప్ప బరువుతో పాటు అది ఎన్ని సంచులు నింపిందో కూడా రాసుకోండి. బరువులో తడి చెత్తదే పైచేయి అవుతుంది. చోటు మాత్రం ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు ఎక్కువ తీసుకుంటాయి. ఎరువు తయారీకి ఎంత ఏర్పాటు కావాలో బరువు చెబుతుంది, కిందికి ఎన్ని బండ్లు కావాలో సంచుల లెక్క చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి మొత్తం ఇన్ని కిలోలని మాత్రమే రాసుకున్న నివేదికలు తర్వాత దేనికీ అక్కరకు రావు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వెలువడే సంస్థలను భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించి వాటిపై ప్రత్యేక బాధ్యతలు పెట్టాయి కాబట్టి, మీ హోటల్ ఆ గీతకు ఏ వైపున ఉందో కూడా ఈ కాటాతోనే తెలుస్తుంది.

ఇక కొనుగోళ్ల సంగతి. గదుల్లో నీళ్ల సీసాలకు బదులు శుద్ధి యంత్రం, గాజు కూజాలు పెట్టవచ్చు. షాంపూ ప్యాకెట్లకు బదులు గోడకు బిగించే సీసాలు, చిన్న చిన్న జామ్, వెన్న పొట్లాలకు బదులు గిన్నెలు వాడవచ్చు. సిక్కిం రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే తాగునీటిని నిషేధించింది. రాష్ట్రమంతటా అమలు చేయ పూనుకున్న పనిని ఒక హోటల్ చేయలేకపోదు. అతిథులు బయటి నుంచి తెచ్చుకునే సీసాలకు డిపాజిట్ పద్ధతి పనికొస్తుంది. మీ ఉత్తరాఖండ్‌లోనే కేదార్‌నాథ్‌లో 2022లో ప్లాస్టిక్ సీసాపై క్యూఆర్ కోడ్ అంటించి, అదనంగా 10 రూపాయలు తీసుకొని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినవారికి ఆ సొమ్ము వాపసు చేసే ఏర్పాటు మొదలుపెట్టారు. దానికి సాంకేతిక సహాయం అందించినది హైదరాబాద్ సంస్థే. గాజు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది బరువెక్కువ, స్క్రాప్ దుకాణంలో పలికే ధర తక్కువ, కిందికి దించే కిరాయి కూడా రాదు. కాబట్టి ఖాళీ క్రేట్ వెనక్కి తీసుకుపోయే సరఫరాదారుతోనే ఒప్పందం చేసుకోండి. వంటగ్యాస్ సిలిండర్‌కు దేశమంతా అలవాటు పడిన పద్ధతే ఇది.

అన్ని ఒప్పందాల్లోనూ ఒక షరతు రాయించండి. సరుకు దించిన బండి ఖాళీగా వెళ్లకూడదు. కూరగాయల బండి అట్టపెట్టెలను, కిరాణా బండి నలగ్గొట్టి కట్టలు కట్టిన ప్లాస్టిక్‌ను తీసుకుపోవాలి. ఎలాగూ దిగవలసిన బండే కాబట్టి అదనపు ఖర్చు స్వల్పం. ఔలీకి వచ్చే రోప్‌వే 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు ఆగిపోయింది; దానితో బండి కట్టిన ప్రతి ప్రయాణానికీ విలువ పెరిగింది.

మంచు కురిసి దారి మూసుకుపోయే రోజుల కోసం నిల్వ షెడ్డు కావాలి, మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది దీని మీదే. మీ ప్రాంతంలో దారి ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్లు మూతపడుతుందో పాత సిబ్బందిని అడిగి, దానికి రెట్టింపు రోజుల చెత్త పట్టేటంత చోటు కేటాయించండి. నేల మంచుమట్టం కంటే ఎత్తుగా ఉండాలి, పైకప్పు ఏటవాలుగా ఉండాలి, తలుపు లోపలి వైపుకు తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునే తలుపు ముందు రాత్రికి రాత్రే మంచు పేరుకుంటే తెల్లవారి పారతో తవ్వుకుంటే గాని లోపలికి పోలేరు. చలికి పల్చటి ప్లాస్టిక్ సంచులు పెళుసుబారి, ఎత్తగానే చిరుగుతాయి కాబట్టి మందమైన సంచులనో, మూత ఉన్న డ్రమ్ములనో వాడాలి. తడి చెత్త డబ్బా గోడలకు అంటుకుని గడ్డకడితే ఎంత తలకిందులు చేసినా రాదు. అడుగున రంపపు పొట్టో, చింపిన అట్టముక్కలో పరిస్తే ఈ బాధ ఉండదు. అట్టపెట్టెలు ఒక్కసారి మంచుకు తడిస్తే స్క్రాప్ వ్యాపారి ముట్టుకోడు, అందుచేత పొడిగా ఉండే మూల వాటికే ఇవ్వండి. పొయ్యిల నుంచి తీసిన బూడిదను మాత్రం విడిగా ఇనుప డ్రమ్ములో, మూతపెట్టి, పూర్తిగా చల్లారేదాకా ఉంచాలి. పైకి ఆరినట్లు కనిపించే బూడిదలో మిగిలిన ఒక్క నిప్పుకణిక చెత్త షెడ్డునంతా దగ్ధం చేయగలదు.

షెడ్డు తలుపుకు గట్టి గడియ కూడా అవసరం. ఔలీ ఉన్న చమోలీ జిల్లా అడవుల్లో హిమాలయ నల్ల ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. ఆహారం వాసన పట్టిన ఎలుగుబంటి అదే చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి నష్టపోయేది అటు మనిషో ఇటు జంతువో. కెనడాలో స్కీయింగ్‌కు పేరుపొందిన విస్లర్‌లో, పంజా దూర్చి తెరవలేని విధంగా లోపలి గడియ ఉన్న ఇనుప డబ్బాలు వాడతారు. మీ ఊరి వెల్డింగ్ షాపులో అటువంటిది చేయించడం కష్టం కాదు.

తడి చెత్తను ఎరువు చేయడం చలిలో సాధ్యమేనా అని మీకు సందేహం కలగవచ్చు. కంపోస్టు కుప్ప తన వేడిని తానే పుట్టించుకుంటుంది; సూక్ష్మజీవులు చురుగ్గా ఉన్నప్పుడు మధ్యభాగం 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. కుప్ప చిన్నదైతే మంచుగాలికి ఆ వేడి నిలవదు, పని ఆగిపోతుంది. అందువల్ల ఆరుబయట గుంటలు వద్దు. వేడిని పట్టి ఉంచే రెండు పొరల డ్రమ్మును బాయిలర్ గదికి ఆనుకొని ఉన్న చోట పెట్టి, వంటింటి వ్యర్థంలో రంపపు పొట్టు, ఎండుటాకులు కలిపి, పిండితే నీరు కారనంత తేమతో, రోజూ తిప్పుతూ ఉంటే శీతాకాలంలోనూ పని సాగుతుంది. పైన్ ఆకులు మీకు విరివిగా దొరుకుతాయి గాని అవి త్వరగా కుళ్లవు, కొద్దిగానే వాడండి. అంత ఏర్పాటు చేయలేని హోటల్ తడి చెత్తను గడ్డకట్టనిచ్చి, మూతడ్రమ్ముల్లో భద్రపరచి, దారి తెరిచాక కిందికి పంపడం మేలు. సగం కుళ్లిన చెత్తను ఎరువు పేరుతో వాలు మీద పారబోయడం కంటే అది నిజాయితీ గల పద్ధతి. వేపుళ్లకు వాడిన నూనెను మాత్రం సింకులో పోయనివ్వకండి. చలికి అది గొట్టాల్లో గడ్డకట్టి మురుగును వెనక్కి తంతుంది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించేందుకు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో రూకో అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. డబ్బాల్లో పోసి ఉంచి దాని కింద నమోదైన సేకర్తలకు అప్పగించండి.

స్కీయింగ్‌కే ప్రత్యేకమైన చెత్త కూడా ఉంటుంది. విరిగిన స్కీలో, అంటే మంచు మీద జారేందుకు బూటుకు బిగించే పలకలో, చెక్క, గాజునార, జిగురు, ఉక్కు అంచు, పాలిథిలిన్ అడుగుభాగం ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి దానిని రీసైకిల్ చేయడం చాలా కష్టం. ముందు మరమ్మతు, తర్వాత శిక్షణకు, ఆ తర్వాత బెంచీలకు, కంచెలకు వాడుక, ఇదీ క్రమం. స్కీలకు రాసే మైనం విషయంలో అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 సీజన్ నుంచి తన పోటీల్లో ఫ్లోరిన్ కలిసిన రకాలను నిషేధించింది, ఎందుకంటే ఆ రసాయనాలు నేలలో, నీటిలో విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోతాయి. మీరు కొనేటప్పుడే ఫ్లోరిన్ లేనిది అడగండి, గీసిన మైనపు తురుము నేలమీద పడకుండా కింద గుడ్డ పరచండి. మంచును చదునుచేసే యంత్రాల పాత నూనె, బ్యాటరీలు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు దాచుకోండి.

వాలు మీద బయటపడే సిగరెట్ పీకలకు మూలం సాధారణంగా చెయిర్‌లిఫ్ట్. పైన కూర్చున్నవారు కాల్చి విసిరేస్తారు, కొత్త మంచు కప్పేస్తుంది, వసంతంలో అన్నీ ఒక్కసారే తేలతాయి. పీకలో ఉండేది దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. ఫ్రాన్స్‌లో 2001లో ఏర్పడిన మౌంటెన్ రైడర్స్ అనే సంఘం మంచు కరిగాక స్కీ వాలుల్లో స్వచ్ఛంద శుభ్రత కార్యక్రమాలు నడుపుతోంది. లిఫ్ట్ ఎక్కే చోట జేబులో పట్టే చిన్న మూత డబ్బాలు ఇచ్చి, దిగే చోట ఖాళీ చేయించడం చవకైన ఉపాయం. మంచు కరుగుతున్న కొద్దీ వారం వారం ఏరించండి, అంతా కరిగేదాకా ఆగితే తేలికపాటి చెత్త అప్పటికే నీటితోపాటు కిందికి కొట్టుకుపోతుంది. వేసవిలో ఆ వాలు పశువులు మేసే పచ్చిక అని మీకు తెలిసినదే.

గొయ్యి తీసి పూడ్చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద కట్టిన ఊరని 1976లోనే ప్రభుత్వం నియమించిన మిశ్రా కమిటీ హెచ్చరించింది. అటువంటి నేలలో తవ్వడం, మురుగు ఇంకనివ్వడం ఆ ఊరికి ముప్పు. పైగా పూడ్చిన చెత్త నుంచి ఊరే నీరు చివరికి చేరేది అలకనంద నదిలోకే. 2019 జూన్‌లో ఔలీలో జరిగిన ఒక భారీ వివాహం తర్వాత 150 క్వింటాళ్లకు పైగా చెత్తను ఎత్తవలసి వచ్చింది, నిర్వాహకులు 3 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయాలని ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించింది. మీ యాజమాన్యం ఖర్చుకు వెనుకాడితే ఈ సంగతి ప్రణాళిక మొదటి పేజీలోనే రాయండి.

ప్రశ్న: మేము లక్నవరం చెరువు దగ్గర చిన్న కాటేజీలు నడుపుతున్నాం. శని, ఆదివారాలు వచ్చే జనం వదిలే సీసాలు, ప్లేట్లు ఏరలేకపోతున్నాం. మంచు ప్రాంతాల పద్ధతులు మా ఎండకు పనికొస్తాయా? — ఒక పాఠకురాలు, గోవిందరావుపేట మండలం, ములుగు జిల్లా

జవాబు: కొన్ని యథాతథంగా పనికొస్తాయమ్మా. ముఖ్యంగా డిపాజిట్. తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలు 2022లో నీలగిరి జిల్లాలో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకొని, ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇవ్వడం ప్రారంభించాయి. మద్రాసు హైకోర్టు జోక్యంతో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఇతర జిల్లాలకూ విస్తరించింది. మీరు దుకాణం నడపకపోయినా, గది ఇచ్చేటప్పుడే కొంత సొమ్ము డిపాజిట్‌గా తీసుకొని, వెళ్లేటప్పుడు ఖాళీలు లెక్కచూపితే వాపసు చేయవచ్చు. దీనిని బోర్డు మీద రాస్తే చాలదు, తాళంచెవి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాలి.

చెరువు గట్టున పగిలిన సీసా పర్యాటకుడి కాలికి మాత్రమే గుచ్చుకోదు. లక్నవరం కాకతీయుల కాలం నుంచి పొలాలకు నీరిస్తున్న చెరువు. కవర్లు తూము దాకా వెళ్లి అడ్డుపడినా, సీసాపెంకు కాలువ వెంట మడిలోకి చేరినా నాటువేసే కూలీలే గాయపడతారు. నీటి అంచున భోజనాలకు అనుమతి ఇవ్వకుండా, గట్టుకు దూరంగా ఒకే చోట కూర్చునే ఏర్పాటు చేయండి. చెత్త ఒక చోటే పుడితే ఎత్తడం సులువు.

ఎండ మీకు అనుకూలం. ఔలీలో డ్రమ్మును వెచ్చగా ఉంచడానికి తంటాలు పడాలి, మీకు రెండు మూడు నెలల్లో ఎరువు దానంతట అదే సిద్ధమవుతుంది. అయితే మంచుకొండ మీద తడి చెత్త రోజుల తరబడి ఆగుతుంది, మీ దగ్గర సాయంత్రానికే కుళ్లి ఈగలు ముసురుతాయి, కనుక ఏ పూటకాపూట గుంటలో వేసి పైన ఎండుటాకులు, మట్టి కప్పాలి. వానకాలంలో గుంటపై రేకు వేయండి. ఎలుగుబంట్ల స్థానంలో మీకు కోతులు ఉన్నాయి. మూతకు స్ప్రింగ్ గడియ లేని డబ్బా పెట్టడమంటే వాటికి భోజనం వడ్డించడమే.

ప్లేట్ల విషయానికి వస్తే, 2022 జూలై 1 నుంచి థర్మోకోల్ అలంకరణ సామగ్రి, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు దేశమంతటా నిషేధం. పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించిన కాగితపు ప్లేట్లు పర్యావరణహితమని నమ్మి కొనకండి, అవి ఎరువూ కావు, స్క్రాప్‌కూ పనికిరావు. మీ అడవి పల్లెల్లో మోదుగ ఆకులతో విస్తర్లు కుట్టే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. సీజన్ మొదట్లోనే మాట్లాడుకొని ధర ఖాయం చేసుకుంటే వారికి ఆదాయం, మీకు నేరుగా గుంటలో వేయగలిగే ప్లేటు. పొడి చెత్తను మీ గ్రామ పంచాయతీ ట్రాక్టర్‌కు ఇవ్వండి. పల్లె ప్రగతి కింద ఊరూరా ట్రాక్టర్లు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి గాని, చాలాచోట్ల షెడ్డు తలుపు తెరుచుకోవడం లేదన్నది నిజం. అటువంటప్పుడు నాలుగైదు కాటేజీల వారు కలిసి, నెలకు రెండుసార్లు ములుగు నుంచో హనుమకొండ నుంచో స్క్రాప్ వ్యాపారిని రప్పించుకోండి; ఒక్కరి సరుకు కోసం రాని వ్యాపారి బండి నిండితే వస్తాడు. మేడారం జాతర ఏడు మీ దారిలో వచ్చే జనం ఎన్నో రెట్లు పెరుగుతారు కాబట్టి ఆ నెలకు విడిగా మనుషులను, సంచులను ముందే సిద్ధం చేసుకోవాలి.

ప్రశ్న: ఇంత శ్రమ పడేకంటే స్కీ రిసార్టుల్లో చిన్న కొలిమి పెట్టి చెత్తనంతా కాల్చేస్తే సరిపోదా? — ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: సరిపోదు. వంటింటి వ్యర్థంలో నీరే ఎక్కువ, అది తానుగా మండదు. ఇంధనం పోసి మండించాలి. ప్లాస్టిక్‌ను తక్కువ వేడిలో కాలిస్తే, అందులో పీవీసీ ఉంటే మరీ ముఖ్యంగా, డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. వాటిని అరికట్టాలంటే కొలిమిలో 850 డిగ్రీల సెల్సియస్ పైన వేడి నిలకడగా ఉండాలి, పొగను శుద్ధిచేసే పరికరాలు ఉండాలి. హోటల్ వెనుక పెట్టే చిన్న కొలిమికి అవి ఉండవు. శీతాకాలంలో లోయల్లో చల్లగాలి అడుగున, వెచ్చగాలి పైన ఉండి మూతలా పనిచేయడం వల్ల పొగ పైకి పోకుండా ఊరి మీదే నిలుస్తుంది. అన్నిటికీ మించి, మసి మంచు మీద పడితే మంచు నల్లబడి ఎండను ఎక్కువగా పీల్చుకొని త్వరగా కరుగుతుంది. మంచు మీదే బతికే వ్యాపారం తన మంచును తానే కరిగించుకోవడం అవుతుంది. ఆరుబయట చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో ఆదేశించింది; కరీంనగర్ వీధిలో ఆకులు తగలబెట్టేవారికీ ఇది వర్తిస్తుంది.

ప్రశ్న: వేరుచేసిన చెత్తను మళ్లీ కలిపేయడం ఎందుకు జరుగుతుంది? మా వరంగల్‌లోనూ ఇదే చూస్తున్నాం. — పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: ఈ ప్రశ్నకు సమాధానం మాకంటే మీకే బాగా తెలుసు. 2012 అక్టోబర్‌లో వరంగల్‌లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు, వేర్వేరు పురపాలికల నుంచి వచ్చిన జట్లు ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి చూపాయి. మనవాళ్లకు వేరుచేయడం రాదన్న మాట ఆ కొద్ది రోజుల్లోనే అబద్ధమని తేలింది. ఇంట్లో వేరుచేసినది బండిలో కలిసిపోతే మర్నాటి నుంచి గృహిణి వేరుచేయడం మానేస్తుంది. బండిలో వేరుగా ఉన్నది యార్డులో కలిసిపోతే డ్రైవర్ మానేస్తాడు. కాబట్టి ముందుగా సరిచేయవలసినది చివరి మెట్టు. ఔలీ పాఠకునికీ ఇదే మనవి: షెడ్డులో వేరువేరు గదులు కట్టాకే అతిథుల ముందు వేరువేరు డబ్బాలు పెట్టండి.

రెండో కారణం కూలి. రోజంతా చెత్తలో చేతులు పెట్టే మనిషికి మందమైన చేతితొడుగులు, మంచు ప్రాంతమైతే తడవని బూట్లు, చలికోటు, పని అయ్యాక వేడినీళ్లు ఇవ్వకుండా, నాణ్యంగా వేరుచేయలేదని నిందించడం అన్యాయం. అట్ట, ప్లాస్టిక్, ఇనుము అమ్మగా వచ్చే సొమ్మును హోటళ్లు సాధారణంగా తమ ఖాతాలో వేసుకుంటాయి. యాజమాన్యానికి అది పెద్ద మొత్తం కాదు, పనివారికి మాత్రం పండుగ ఖర్చుకు సరిపోయేంత డబ్బు. అమ్మకం వారి ఎదుటే కాటా వేసి జరగాలి, డబ్బు అక్కడికక్కడే వారికి పంచాలి. ప్రణాళికలో దీనిని ఒక నిబంధనగా రాసి, దాని కింద యజమాని సంతకం తీసుకోవాలని కోరుతున్నాం.